పండుగప్పకి పోయే మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి గోపాల్‌పూర్ నుంచి మావయ్య దీవెనలు.

పండుగప్పకని బరంపురంలో 7 వేలు పోసి రాడ్ కొన్నావని మీ అమ్మ చెప్పింది. కొంటే కొన్నావు గానీ, ఏడడుగులది ఏదైనా సరిపోయేదిరా. ఆ డబ్బులో కొంత దారానికీ గాలాలకీ ఉంచుకోవాల్సింది.

ఈ చేపకి దారం కొరికే పళ్ళుండవు. నోట్లో వేలు పెడితే ఆకురాయిలా గరుగ్గా తగులుతుందంతే. కత్తంతా మొప్ప డిప్ప అంచునే ఉంది. గాలం పడగానే నీళ్ళలోంచి ఎగిరి తల విదిలిస్తుంది చూడు, అప్పుడు కోస్తుంది. నా బొటనవేలి మీద గీత దాని పనే. రీలులో 30 పౌన్ల బరువాగే బ్రెయిడ్, అదే అల్లిన దారం, ఉన్నా సరే, కొసన బారెడు 50 పౌన్ల నైలాన్ కట్టు. చేప పడ్డాకల్లా దాన్ని గోటితో తడుము. గరుకు తగిలితే అంతవరకూ కోసేసి మళ్ళీ ముడెయ్యి. పోయినేడు నేను బద్ధకించాను. ఒడ్డు దాకా వచ్చింది, టార్చి వెలుగులో ఎర్రగా ఒక్క చూపు చూసి తెంపుకుపోయింది.

ఎర బతికున్నదే పెట్టు. రొయ్యకైతే కొమ్ము కింద గుచ్చాలి, తలలో నల్లమచ్చ తగిలిందా అక్కడికక్కడే చస్తుంది. బొంత చేప పిల్లకైతే వీపు రెక్క ముందు, తోలు పైపైన. గాలం 5/0 సైజు సర్కిల్ తీసుకో, మొన లోపలికి వంగి ఉంటుందే అది. లాగింది కదాని జాడించకు. పండుగప్ప నోరు తెరిచి నీళ్ళతో సహా గుటుక్కుమనిపిస్తుంది. దారం బిగిశాక రీలు తిప్పు, గాలం దవడ మూలన అదే దిగుతుంది. ప్లాస్టిక్ చేపలు ఎర దొరకని రోజుకి ఓ రెండుంచుకో, చాలు.

బాహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, పోటు తీసి పాటు మొదలయ్యాక నిలబడు. దిగే నీళ్ళతో చిన్న చేపలు కొట్టుకొస్తుంటే ఇది మునిగిన దుంగ చాటున కాపు కాస్తుంది. సీసం తేలిగ్గా కట్టి, ఎరని ఆ దుంగ పక్కగా జారనియ్యి.

రుషికుల్య మొగ వైపు మాత్రం నవంబరు 1 నుంచి మే 31 దాకా పోకు. తాబేళ్ళని కాపాడ్డానికి సముద్రంలో 20 కిలోమీటర్ల మేర వేట నిషేధం.

ఇంకోటి. ఇది మగదిగా పుట్టి, పెరిగాక ఆడదవుతుంది. పది కిలోలది పడితే ఇంచుమించు ఆడదే అనుకో. నేనైతే వదిలేస్తాను, మీ అత్త తిట్లు మామూలే. పులుసుకి మూడు కిలోలది మేలు.

ఆదివారం పాటు ఎన్నింటికో కనుక్కుని ఫోన్ చెయ్యి. రొయ్యలు బక్కెట్లో వేసి ఉంచుతాను.

మీ మావయ్య