గుండె రాయి చేసుకున్నాను, తృప్తి మాత్రం లేదు

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. వయసు 54. 2018 తిత్లీ తుపానుకు మా తోటలో నలభై కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయి. మరుసటి ఏడాది మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. మూడేళ్లు డయాలసిస్‌కు తిప్పాను, దక్కలేదు. అప్పులు తీర్చాను. అమ్మాయి పెళ్లి చేశాను. అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం. తుపాను తర్వాత నాటిన మొక్కలు కూడా కాపుకొచ్చాయి. ఊళ్లో అందరూ ‘నీ గుండె రాయే’ అంటారు. నాకు మాత్రం దేంట్లోనూ తృప్తి లేదు. ఇదంతా ఎందుకు చేశానా అని రాత్రిళ్లు అనిపిస్తోంది. చెల్లితో అంటే ‘ఇంకేటి కావాలప్పా నీకు?’ అంది. అబ్బాయి తోట అమ్మేసి వచ్చేయమంటున్నాడు. ఈమధ్య పక్కింటావిడ భర్తకూ డయాలసిస్ మొదలైంది. ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, నీళ్లు ఎన్ని తాగనివ్వాలి అని వచ్చి అడుగుతోంది. చెప్పి పంపిస్తున్నాను. నాలో ఏమైనా లోపముందా?

జవాబు: లోపం లేదమ్మా. మీ చెల్లెలు పూర్తయిన పనులు లెక్కపెట్టి అడిగింది. మీరు బాధపడుతున్నది ఆ లెక్కలో లేనిదాని గురించి.

తృప్తిని కొలవడానికి మానసిక శాస్త్రంలో ఒక చిన్న ప్రశ్నావళి ఉంది. 1985 నుంచి వాడుకలో ఉంది. అయిదే వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 వరకు మార్కులు మనమే వేసుకోవాలి. అందులో ఒకటి, జీవితంలో ముఖ్యమనుకున్నవి దక్కాయా అన్నది. ఇంకొకటి, మళ్లీ బతికే వీలుంటే దాదాపు ఏమీ మార్చకుండా ఇలాగే బతుకుతారా అన్నది. మొదటిదానికి మీరు మంచి మార్కులే వేస్తారేమో. రెండోదాని దగ్గర చెయ్యి ఆగిపోతుంది. మూడేళ్ల డయాలసిస్ మళ్లీ కావాలని ఎవరంటారు? తట్టుకుని నిలబడ్డవాళ్లందరికీ తృప్తి ఉండి తీరాలనుకోవడం ఊరివాళ్ల పొరపాటు.

కష్టం తర్వాత కోలుకునే శక్తి, బతుకుకు ఒక అర్థం ఉందన్న భావన, తృప్తి... ఈ మూడూ చాలామందిలో కలిసే కనిపిస్తాయి. ఏది ముందు, ఏది వెనక అంటే గట్టిగా చెప్పలేం. ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. మీ విషయంలో నాకు తోచింది ఇది. ఆ అయిదారేళ్లు మీరు నిలబడటానికి ధైర్యం ఒక్కటే కారణం కాదు. పొద్దున లేస్తే ఎవరి కోసం లేవాలో తెలుసు. ఆయన్ని సమయానికి బస్సెక్కించాలి, అమ్మాయి సంబంధం చూడాలి, మొక్కలకు నీళ్లు పెట్టాలి. అవన్నీ అయిపోయాయి. తట్టుకునే శక్తి మీలో అలాగే ఉంది, దానికి పనే లేకుండా పోయింది.

దానికితోడు ఆ ‘రాయి గుండె’ బిరుదొకటి. నాకు ఆ మాటంటే ఒళ్లు మంట. ఒకసారి ఆ పేరు వచ్చాక ఆడమనిషి నలుగురిలో ఏడవడానికి కూడా లేదు. ఆయన పోయాక మీరు తీరిగ్గా ఏడ్చిన రోజు ఒక్కటైనా ఉందా? ఉత్తరంలో ఆయన పోవడం గురించి ‘దక్కలేదు’ అని ఒక్క మాట రాసి అప్పుల్లోకి వెళ్లిపోయారు.

రాత్రిళ్లు ‘ఎందుకు’ అని తవ్వుకోవడం గురించి కూడా చెప్పాలి. 2006లో వచ్చిన ఇంకో ప్రశ్నావళి అర్థం ‘ఉందా’ అన్నదాన్నీ, అర్థం కోసం ‘వెతుకుతున్నారా’ అన్నదాన్నీ విడివిడిగా కొలుస్తుంది. ఉందనుకునేవాళ్లలో తృప్తి ఎక్కువ. వెతుకులాట ఎక్కువైనంత మాత్రాన తృప్తి పెరగదు, చాలాసార్లు తక్కువగానే కనిపిస్తుంది. అర్ధరాత్రి పక్క మీద ఆ ప్రశ్నకు జవాబు దొరకదమ్మా. లేచి దీపం వేసుకోండి, కాసిన్ని నీళ్లు తాగండి.

అయితే ఒకటి అడగాలి. రెండు వారాలకు పైగా రోజూ దిగులుగా ఉండి, నిద్ర, ఆకలి తగ్గి, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు నా సలహాలు చాలవు, మానసిక వైద్యుల్ని కలవాలి. చచ్చిపోవాలనిపిస్తే ఆ క్షణమే 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు.

తోట సంగతి. ఇప్పుడే అమ్మకండి. మొన్న మొన్నే కాపుకొచ్చిన చెట్లవి. అబ్బాయి మిమ్మల్ని ఒంటరిగా ఉంచలేక అంటున్నాడు, కోపగించుకోకండి. కాయ దింపులు చూసుకుని ఓ నెల వెళ్లి ఉండి రండి. అక్కడ పొద్దు గడుస్తుందో లేదో మీకే తెలుస్తుంది. తోట ఉంటే తిరిగొచ్చే దారి ఉంటుంది.

చివరికి పక్కింటావిడ. మీ ఉత్తరంలో కాగితాలు, తాగే నీళ్ల లెక్క లాంటి వివరాలు కనబడింది ఆ ఒక్కచోటే. ఆవిడకు చెప్పగలిగినంత డాక్టరు దగ్గర కూడా చెప్పేవాళ్లుండరు, అంత తీరిక వాళ్లకెక్కడిది? ఈసారి చెప్పి పంపేయకుండా ఒక్కరోజు ఆవిడతోపాటు బస్సెక్కి చూడండి. ఆ మంచాలు, ఆ మిషన్లు చూస్తే మీ ఆయన గుర్తొచ్చి లోపలికి అడుగు పడకపోవచ్చు. పడకపోతే బయట బెంచీ మీద కూర్చోండి. ఏడుపొస్తే ఏడవండి, అక్కడ మిమ్మల్ని రాయి అని పిలిచేవాళ్లు ఎవరూ ఉండరు. వచ్చాక నాకు మళ్లీ రాయండి.