మీటరు బాగుచేసిన కొడుకు మీద కోపమెందుకు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా బాబు ఈ ఏడు పదో తరగతి పాసయ్యాడు. మా పాత మారుతి 800లో స్పీడు ముల్లు కదులుతున్నా కిలోమీటర్ల అంకెలు రెండేళ్లుగా తిరగడం లేదు. అలా ఉంటే అమ్మేటప్పుడు రేటొస్తుందని వదిలేశాను. వాడు మీటరు విప్పి బాగుచేసేశాడు. బంధువుల ముందు ‘ఈ గ్రీజు చేతులేంటి’ అని కోప్పడ్డాను. ఇప్పుడు ఐటీఐలో మెకానిక్ కోర్సు చేస్తానంటున్నాడు. నేను విశాఖలో 45 రోజుల ఈవీ (కరెంటు బండ్ల) కోర్సు చూశాను. ఈవీ అంటే వినడానికైనా బాగుంటుంది. రెండింట్లో ఏది మేలు?

జవాబు: ‘వినడానికైనా’ అన్నారు చూశారా, మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది. రాయగడ నుంచి, గుణుపూర్ నుంచి కూడా తండ్రులు నన్ను ఇదే అడుగుతుంటారు. పేరుకి కోర్సుల గురించి అడుగుతారు గానీ లోపలి భయం ‘మావాణ్ణి మెకానిక్ అంటారేమో’ అనే.

అసలు మీ బాబు ఏం చేశాడో చూడండి. ముల్లు కూడా ఆగిపోయుంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్‌ని అనుమానించాలి. ముల్లు ఆడుతోందంటే కేబుల్ బాగానే ఉంది, లోపం మీటరు లోపలే. పాత మీటర్లలో చిన్న ప్లాస్టిక్ గేర్ల పళ్లు ఎండిపోయి విరుగుతాయి. వాడు కేబుల్ జోలికి పోకుండా నేరుగా మీటరే విప్పాడు. పదో తరగతి పిల్లాడికి ఆ ఆలోచన ఉండటం చిన్న విషయం కాదు. అలాంటివాణ్ణి నలుగురిలో చిన్నబుచ్చడం తప్పండీ.

ఇక 45 రోజుల కోర్సు. ఈవీలు పెరుగుతున్నాయి, కాదనను. కానీ వందల వోల్టుల బ్యాటరీ ఉన్న కారు మీద చెయ్యి వేయడానికి 45 రోజులు చాలతాయంటే నాకు నమ్మకం లేదు. డబ్బు కట్టేముందు వెళ్లి చూడండి. ఎంతమంది పిల్లలకి ఒక బండి ఉంది? బ్యాటరీ విప్పి చూపిస్తారా, తెర మీద బొమ్మలేనా? సర్టిఫికెట్ ఎవరిస్తారు? సూటిగా జవాబు రాకపోతే తిరిగొచ్చేయండి. కొత్త కార్ల మీటర్లకి కేబుల్ ఉండదు, సెన్సర్ నుంచి సిగ్నల్ వస్తుంది, కిలోమీటర్లు చిప్‌లో ఉంటాయి. అయినా లోపం ఎక్కడుందో ఒక్కో మెట్టూ చూసుకుంటూ వెళ్లే పద్ధతి మాత్రం మారలేదు. అది మీవాడికి ముందే అబ్బింది.

ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్లు. ఆ జాతీయ సర్టిఫికెట్ ఒడిశా-ఆంధ్ర సరిహద్దుకి ఇటూ అటూ చెల్లుతుంది. తర్వాత అప్రెంటిస్‌గా చేరొచ్చు, డిప్లొమా రెండో ఏడాదిలోకీ వెళ్లొచ్చు. ఈవీ పని అప్పుడు నేర్చుకున్నా ఆలస్యమేమీ కాదు. వాడి గురించి దిగులు పడకండి, బతకగలడు.

ఆ రేటు మాట మాత్రం నన్ను బాధపెట్టింది. రెండేళ్లు తిరిగిన కిలోమీటర్లు దాచి అమ్మితే కొనేవాణ్ణి మోసం చేసినట్టే. సర్వీసు ఎప్పుడు చేయించాలో కూడా అతనికి తెలియదు. రేపు మీవాడి దగ్గరికి అంకెలు వెనక్కి తిప్పమని మనుషులొస్తారు, డబ్బూ చూపిస్తారు. వాళ్లని కాదనడం మిమ్మల్ని చూసే నేర్చుకోవాలి. మీటరు ఎప్పుడు ఆగింది, ఏ అంకె దగ్గర ఆగింది, ఎప్పుడు బాగైంది, ఇవన్నీ వాడి చేత రాయించి బండి కాగితాల్లో పెట్టండి. కింద సంతకం మీరు చేయండి.