తెల్లారుజామున చేపలు తేలుతుంటే బిళ్లలు కాదు, మేత సంచి చూడండి

మీ ప్రశ్న: "కైకలూరు దగ్గర మూడెకరాల చెరువు. శీలావతి, బొచ్చె వేశాం. ముసురు పట్టిన దగ్గర్నుంచి తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఏ కంపెనీ ఆక్సిజన్ బిళ్లలు మంచివి?"

ఏ కంపెనీవైనా ఒకటే. బిళ్లలు ఆ పూట గండం గట్టెక్కిస్తాయేమో గానీ, మర్నాడు మళ్లీ అదే కథ. నాలుగింటికి తేలిన చేపకు కారణం ముందు రోజు పొద్దున చెరువులో వాసానికి కట్టిన మేత సంచిలో ఉంటుంది.

ముందు గట్టు మీద నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టండి. చేపలు బుడుంగున మునిగితే గండం ఇంకా ముదరలేదు. చప్పుడైనా కదలకుండా నోళ్లు తెరుచుకునే ఉంటే, వెంటనే ఇంజను పెట్టి నీళ్లు పైనుంచి చిమ్మించండి. కాలవ నీళ్లు లేకపోతే ఆ చెరువు నీళ్లే తోడి, చెక్క పలక మీద పడి చెదిరేలా పోయండి. ఆ కంగారులో సున్నం మాత్రం చల్లకండి. పీహెచ్ 8.5 దాటిన నీటిలో సున్నం పడితే అమ్మోనియా ఇంకా విషమవుతుంది.

నీటిలో పచ్చదనం పగలు ఎండకు ఆక్సిజన్ చేస్తుంది, రాత్రి తనే తింటుంది. ముసురు రోజున పగటి రాబడి లేదు, రాత్రి ఖర్చు మాత్రం ఆగదు. పైగా తినకుండా మిగిలిన తవుడు అడుగున కుళ్లుతూ ఉన్న కాస్తా లాగేస్తుంది. అందుకే లోటంతా సూర్యోదయానికి ముందు బయటపడుతుంది. ఏరియేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) ఉంటే చేప తేలాక కాదు, అర్ధరాత్రి దాటగానే వేయాలి.

లెక్క చూడండి. ఎకరానికి 2,000 చేపలు, ఒక్కోటి అరకిలో అనుకుంటే టన్ను. మూడు శాతం చొప్పున రోజుకు 30 కిలోల మేత. మబ్బు రోజున 15 చాలు. పొద్దున చేప తేలితే ఆ రోజు సంచే కట్టొద్దు. ఒక్క రోజు పస్తుకు చేప బరువేమీ తగ్గిపోదు.

మన వైపు ఎరువుల సంచికి అడుగున చిల్లులు పెట్టి, నూనె తీసిన తవుడూ, నూనె గింజల చెక్కా నింపి వాసానికి కడతాం. ఇంత మంచి పద్ధతిని పాడు చేసేది చూడకపోవడమే. కట్టిన రెండు గంటలకు పడవేసుకుని వెళ్లి సంచి ఎత్తాలి. మిగిలితే రేపు అంత తగ్గించాలి. మిగిలింది నీళ్లలో దులిపేసి ఖాళీ సంచి చూపించే మేత కూలీ ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. యజమాని గట్టు మీదే ఆగిపోతే అతన్ని అని లాభం లేదు.

మోచేతి దాకా చెయ్యి ముంచండి. అరచెయ్యి కనబడకపోతే పచ్చదనం మితిమీరింది, ఎరువు, పేడ ఆపేయండి.

వాసాల మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. చేప పేను గుడ్లు పెట్టేది చేప మీద కాదు. నీటిలో మునిగిన కర్రలు, రాళ్ల మీద. చేపకు మందు కొట్టి వాసాలు వదిలేస్తే, ఆ గుడ్లు పొదిగి పేను మళ్లీ పడుతుంది. మందు వేసే రోజునే వాసాలు పీకి గట్టు మీద బాగా ఎండబెట్టి, గీకి మళ్లీ పాతండి.