నా కంప్యూటర్‌లో ఏ ప్రాసెసర్ ఉందో ఎలా తెలుసుకోవాలి?

విండోస్ అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆ తర్వాత సీపీయూ. కుడివైపు పైన కనిపించే పేరే మీ ప్రాసెసర్. అర నిమిషం పని. ఆ అర నిమిషం పని షాపులోనే చెయ్యనందుకు నాకు 18 వేలు వదిలాయి.

2023లో మా మేనకోడలికి బీటెక్‌లో సీటొచ్చింది. సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొనిపెడతానని ముందే మాటిచ్చేశాను. షాపతను ఒకటి తీసి, "ఐ5, ఎయిత్ జనరేషన్ సార్, ఆఫీసులో వాడిన పీసు" అన్నాడు. కీబోర్డు కింద ప్రాసెసర్ పేరుతో నీలం స్టిక్కర్ తళతళలాడుతోంది. టచ్‌ప్యాడ్ చుట్టూ పెయింట్ అరిగిపోయి, ఈ, ఏ అక్షరాలు సగం చెరిగిపోయి ఉంటే, స్టిక్కర్ మాత్రం కొత్తగా ఎందుకుందో నాకు అనుమానం రావాలి. రాలేదు. బేరమాడి వెయ్యి తగ్గించానని సంబరపడుతూ ఇంటికొచ్చాను.

పావుగంటలో మేనకోడలు పట్టేసింది. "మావయ్యా, ఇందులో ఐ5-6300యూ అని ఉంది. కోర్లు, అంటే లోపల పనిచేసే భాగాలు, రెండే. ఎయిత్ జనరేషన్ అన్నావుగా?" 6300 అంటే ఆరో తరం, 2015 నాటి సరుకు. మర్నాడు వెళ్లి అడిగితే, "ఐ5 అన్నాం, ఐ5 ఇచ్చాం కద సార్" అన్నాడు. బిల్లు తీసి చూస్తే నిజమే, "ఐ5 లాప్‌టాప్" అని మాత్రమే రాసుంది. ఎయిత్ అన్నది నోటిమాటే.

అప్పటి నుంచి ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లకు ఐ5 అన్నది ఇంటిపేరు. అసలు మనిషెవరో ఆ గీత తర్వాతి నంబరు చెబుతుంది. 6300లో మొదటి 6, 8250లో మొదటి 8 తరాన్ని చెబుతాయి. నంబరు 1తో మొదలైతే రెండంకెలు చూడండి, 1135 అంటే పదకొండు. ఐ7 అనగానే గొప్పదనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఐ7-7500యూకి రెండు కోర్లు, ఐ3-1215యూకి ఆరు. ఏది కొంటారు?

ఇంటెల్‌కి పోటీగా ప్రాసెసర్లు చేసే ఏఎండీ వాళ్లూ తక్కువ తినలేదు. రైజెన్ 5 7520యూ అని పెద్ద నంబరు వేసి, లోపల 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్ పెట్టారు. అక్కడ మూడో అంకె చూడాలట. మామూలు మనిషికి ఈ లెక్కలెందుకు చెప్పండి? ఇంటెల్ అయితే 2023 చివర్లో ఆ "ఐ" కూడా తీసేసి కోర్ అల్ట్రా అని మొదలుపెట్టింది. మళ్లీ మొదటికొచ్చింది మన చదువు.

విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అర్హత. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి సపోర్ట్ ఆపేసేసరికి మేనకోడలు థర్డ్ ఇయర్‌లో ఉంది. ఇంకోటి కొనక తప్పలేదు. ఈసారి తనే వెళ్లి, షాపులోనే టాస్క్ మేనేజర్ తెరిచి నాకు ఫొటో పంపింది. పాతది మా చెల్లెలింట్లో టీవీకి తగిలించి ఉంది. స్టిక్కర్ ఇంకా తళతళలాడుతూనే ఉంది.