బాబ్జీకి, అన్నం మానేసే ముందు

తణుకు,
ముక్కనుమ మర్నాడు

ఒరేయ్ బాబ్జీ,

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. సోమవారం నుంచి అన్నం మానేస్తావట, తెల్లారగట్ల కాలవ గట్టు మీద ఐదు కిలోమీటర్లు పరిగెడతావట. విని సంతోషపడాలో తిట్టాలో తెలీలేదు. ఒకరు చెప్పకుండా నీ అంతట నీకే బుద్ధి పుట్టింది కదా, దానికి సంతోషం. పుట్టిన బుద్ధి మళ్లీ పాత దారే పట్టిందని ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "సరే అత్తయ్యా" అని పెట్టేస్తావు. కాగితమైతే నువ్వు చదవకపోయినా కోడలు పిల్ల చదువుతుంది.

ముందు తిట్లు కానిస్తాను.

పెళ్లికి ముందు నువ్వు చేసిన నిర్వాకం గుర్తుందా? మూడేళ్లయింది. 88 కిలోలున్నావు, సూటు బొత్తాం పట్టడం లేదని 45 రోజులు మెతుకు ముట్టలేదు. పొద్దున వేణ్ణీళ్లలో నిమ్మరసం, తేనె. మధ్యాహ్నం రెండు గుడ్లూ కీరా ముక్కలూ. రాత్రికి గ్రీన్ టీ. మొదటి వారంలోనే నాలుగు కిలోలు తగ్గానని ఊరంతా చాటావు. ఆ నాలుగింట్లో కొవ్వు సగం కూడా ఉండదురా. మనం తిన్న అన్నంలో కొంత కాలేయంలోనూ కండల్లోనూ గ్లైకోజెన్ అనే పదార్థంగా నిలవుంటుంది. అది ఒక్కో గ్రాముకీ మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టి ఉంచుతుంది. అన్నం ఆపగానే ముందు ఆ నిలవ ఖర్చయిపోతుంది, దాంతో పాటు నీళ్లూ పోతాయి, కాటా ముల్లు దిగుతుంది. మళ్లీ నాలుగు రోజులు అన్నం తింటే ఆ నీళ్లన్నీ తిరిగొచ్చి కూర్చుంటాయి. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. రోజుకి 500 తగ్గించుకుంటే వారానికి అరకిలో. వారానికి కిలో మించి తగ్గుతుంటే ఎక్కడో తేడా ఉందని అర్థం.

తర్వాతి వారాల్లో ఇంకా పాడయింది. రెండు గుడ్లలో ఉండేది 12 గ్రాముల ప్రొటీన్. నీ ఒంటికి రోజుకి 60 గ్రాములైనా కావాలి. బయటి నుంచి రాకపోతే ఒళ్లు తన కండనే కరిగించి వాడుకుంటుంది. కండ తగ్గాక, ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే కేలరీలూ తగ్గుతాయి. అంటే అంతకుముందు తిన్నంత తిన్నా ఈసారి లావవుతావు. పెళ్లయిన మూడో నెలలో దువ్వెన నిండా జుట్టొస్తోందని షాంపూలు మార్చావు చూడు, తప్పు షాంపూది కాదు. తిండి ఒక్కసారిగా పడిపోయినప్పుడు జుట్టు వెంటనే రాలదు, రెండు మూడు నెలలాగి రాలుతుంది. నీ అదృష్టం బాగుండి పిత్తాశయంలో రాళ్లు పడలేదు. గబగబా బరువు తగ్గిన వాళ్లకి అవీ వస్తాయి. ఇక నిమ్మకాయ తేనె సంగతి. తేనె కూడా చక్కెరే, కొవ్వుని కరిగించేదేమీ అందులో లేదు.

పెళ్లయింది. అత్తారింటి మర్యాదలు, ఆషాఢం, తొలి సంక్రాంతి. ఏడాది తిరక్కుండా 91. పోయినప్పుడు కొవ్వూ కండా కలిసి పోయాయి, వచ్చింది మాత్రం చాలావరకు కొవ్వే. ఇప్పుడు 92 అంటున్నావు, పైగా శ్రావణంలో షుగరు బయటపడింది. నీ 168 సెంటీమీటర్ల ఎత్తుకి బీఎంఐ, అదే ఎత్తుని బట్టి బరువు చూసే లెక్క, 32 దాటింది. మనవాళ్లకి 23 దాటితేనే ఎక్కువ బరువంటారు, 25 దాటితే ఊబకాయం. నడుం కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్ల లోపుండాలి. టేపు పెట్టి కొలుచుకో, పొట్ట లోపలికి బిగించకుండా.

అయినా అన్నం మీద ఎందుకురా అంత కోపం? మీ తాతయ్య నాలుగు మార్లు అన్నం పెట్టించుకునేవాడు. సార్వా కోతలప్పుడు పనకట్టలు నెత్తిన మోసిన ఒళ్లది. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ, 1982లో వచ్చిన వరి రకం, ఆయన పండించీ తిన్నాడు, మీకూ పెట్టాడు. అన్నం అదే. నువ్వు మోసేది మాత్రం ల్యాప్‌టాప్. కొర్రలూ జొన్నలూ తెప్పించానని మీ అమ్మ అంది. తిను, పీచు ఎక్కువ, కడుపు నిండుగా ఉంటుంది, మంచిదే. కాకపోతే వంద గ్రాముల బియ్యంలో ఉన్నన్ని కేలరీలే అటూ ఇటూగా వంద గ్రాముల కొర్రల్లోనూ ఉంటాయి. కొర్రన్నం గదా అని రెట్టింపు తినేవాళ్లు తగ్గరు.

అసలు చిక్కు మన భోజనం వరసలో ఉంది. పప్పులోకి ఒకసారి అన్నం, కూరలోకి ఒకసారి, పులుసులోకో చారులోకో ఒకసారి, పెరుగులోకి ఒకసారి. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టే ఉండదు. ఒక్కోసారి పడేది వంద గ్రాముల అన్నం అనుకో, 130 కేలరీలు. నాలుగు సార్లు, రెండు పూటలు, 1,040. నువ్వు చెయ్యాల్సిందల్లా ఈ నాలుగుని రెండు చెయ్యడం. కూరనీ పప్పునీ ఒకే అన్నంలో తిను, లేదా పప్పు గిన్నెలో పోసుకుని చెంచాతో తాగు. రెండోది చారులోకి. పెరుగుని మజ్జిగ చేసుకుని తాగెయ్, కరివేపాకూ అల్లం ముక్కా వేసి. పెరుగన్నమే కావాలంటే చారన్నం వదిలెయ్. రోజుకి 520 మిగిలాయి చూడు. అరకిలో లెక్క అక్కడే తేలిపోయింది. ఏ ఉపవాసమూ లేదు.

మొదటి పది రోజులూ అన్నాన్ని కాటా మీద పెట్టి కొలు. అన్నం హస్తంతో నిండుగా తీస్తే ఎంతో, గీసి తీస్తే ఎంతో కంటికి అలవాటవుతుంది, తర్వాత కాటా అక్కర్లేదు. కంచంలో ముందు కూర పడాలి, సగం కంచం. బెండకాయో దొండకాయో ఆనపకాయో తోటకూరో. ముందు నాలుగు ముద్దలు ఉత్త కూర తిని అప్పుడు అన్నం కలుపుకో, షుగరు గబుక్కున ఎగరదు. బంగాళాదుంప, కంద, చేమదుంప కూరలో వేసుకున్న రోజు అన్నం ఇంకాస్త తగ్గించు.

నూనె. మనిషికి నెలకి అరలీటరు. మీ ఇంట్లో ముగ్గురు, లీటరున్నర. ఒకటో తారీఖున ఒక సీసాలో పోసి పక్కన పెట్టమను, ఇరవయ్యో తారీఖుకి అయిపోతే ఎక్కడ పోతోందో మీకే తెలుస్తుంది. టేబుల్ స్పూను నూనెకి 120 కేలరీలు. నువ్వు అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150. ఒక్క చేపల వేపుడు చాలు, నీ నడకంతా నూనెలో కలిసిపోతుంది. చేపలు మానకు, పులుసు పెట్టించు. కొర్రమేను, రొయ్యలు, ఏవైనా మంచివే. పచ్చి కొబ్బరి మాత్రం, చెట్టు మనదే కదా అని ఇష్టమొచ్చినట్టు వెయ్యకు, నూనెలాగే లెక్క చూసుకో. వంద గ్రాములకి 350 పైనే. కొబ్బరినీళ్లకి అంత భయం అక్కర్లేదు.

టిఫిన్ గురించి ఎక్కువ చెప్పను. పెసరట్టు వేయించుకో, ఉప్మా లేకుండా. 60 గ్రాముల పెసలకి 14 గ్రాముల ప్రొటీన్. దిబ్బరొట్టె వారానికొకసారి చాలు, నూనె తాగేస్తుంది. అంబాజీపేట వెళ్లినప్పుడు పొట్టిక్కలు నిరభ్యంతరంగా తిను, పనసాకులో ఆవిరి మీద ఉడికేవి. రోజుకి నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార, ఇది షుగరున్న మనిషి తాగే టీయేనా? రెండు టీలు, పంచదార లేకుండా. పది రోజులు నోరు చేదుగా ఉంటుంది, అంతే.

ఇప్పుడు నాకు నిద్రపట్టని సంగతి.

నీ షుగరు మాత్రలో మెట్‌ఫార్మిన్ ఒక్కటే లేదు, గ్లిమిపిరైడ్ కూడా కలిసి ఉంది. చీటీ చూసుకో. మెట్‌ఫార్మిన్ ఒంటరిగా షుగరుని అంతగా పడెయ్యదు. గ్లిమిపిరైడ్ అలా కాదు, నువ్వు తిన్నా తినకపోయినా షుగరుని దించే ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. అన్నం సగం చేసి, మాత్ర అదే వేసుకుని, పరగడుపున పరిగెడితే షుగరు 70 కిందికి జారుతుంది. చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, కళ్లు చీకట్లు. అదీ ఎక్కడ, కాలవ గట్టు మీద. దాళ్వా వరికి నీళ్లొదిలారు, కాలవ నిండా ఉంది. పుష్యం మంచులో ఎదురుగా వచ్చే చేపల లారీ దగ్గరికొచ్చేదాకా కనబడదు. ఆరేళ్లప్పుడు రేవులో జారితే మీ తాతయ్య జుట్టు పట్టుకుని పైకి లాగాడు నిన్ను. ఇప్పుడు 92 కిలోల వాణ్ణి ఎవరు లాగుతార్రా?

కాబట్టి సోమవారం నువ్వు మొదట వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి. "అన్నం సగం చేస్తున్నాను, నడక మొదలెడుతున్నాను, మాత్ర ఎంత తగ్గించాలి" అని అడుగు. నీ అంతట నువ్వు మాత్ర మానెయ్యకు. ఆయన మార్చి ఇచ్చేదాకా అన్నం తగ్గించొద్దు. గట్టు వదిలెయ్, హైస్కూలు గ్రౌండులో నడువు, నలుగురుంటారు.

పరుగు ఇప్పుడే వద్దు, మోకాళ్లు పాడవుతాయి. మొదటి వారం పొద్దున 15 నిమిషాలు, సాయంత్రం 15. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పో. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ వేగం. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఓ పది నిమిషాలు పెరట్లో తిరుగు, షుగరుకి అదెంతో మేలు. బూట్లు కొను, మేజోళ్లతో. హవాయి చెప్పులతో నడవొద్దు. మీ నాన్న కాలి పుండు చెప్పు కరుపుతోనే మొదలైంది, నీకు తెలుసు. ఇంటికొచ్చాక అరికాళ్లు చూసుకో. క్షీరారామంలో ప్రదక్షిణలు పుణ్యమే గానీ, ఎండెక్కిన రాతి మీద వట్టి కాళ్లతో వద్దు.

మన తేమకి చొక్కా పిండితే గ్లాసుడు చెమటొస్తుంది. అది కొవ్వనుకోకు, ఒట్టి నీళ్లు. తాగితే తిరిగొస్తాయి, తాగాలి కూడా.

వారానికి మూడు రోజులు కండకి పని పెట్టు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకి చేతులానించి దండీలు పదిసార్లు, మధ్యలో నిమిషం ఆగి మూడు విడతలు. నెల తర్వాత గుంజీలు. బడిలో తీయించుకున్నవన్నీ ఇప్పుడు పనికొస్తాయి.

బరువు వారానికొక్కసారే చూసుకో. శనివారం పొద్దున, దొడ్డికెళ్లొచ్చాక, ఏమీ తినకముందు. ఆవకాయో ఎండుచేపో గట్టిగా తగిలిన మర్నాడు కిలో ఎక్కువ చూపిస్తుంది, ఉప్పు నీళ్లని పట్టేస్తుంది. దానికి దిగులుపడి రాత్రి భోజనం మానకు. ఏ రెండో నెలలోనో ముల్లు కదలకుండా కూర్చుంటుంది. ఒళ్లు తేలికైన కొద్దీ దానికయ్యే ఖర్చూ తగ్గుతుంది, మోసం ఏమీ లేదు. అప్పుడు నడక ఇంకో పది నిమిషాలు పెంచు, నూనె సీసా వంక ఓసారి చూడు. మొదట 87న్నరకి రా, చాలు. ఒంటి బరువులో ఐదు శాతం తగ్గినా షుగరులోనూ బీపీలోనూ తేడా కనిపిస్తుంది. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఇక పెళ్లిళ్లు. మాఘం వచ్చేస్తోంది, ముహూర్తాలు బోలెడు. ఆకలిని గెలవొచ్చు గానీ మన మర్యాదని గెలవడం కష్టంరా. ఆకు ఖాళీ అయితే వడ్డించేవాడికి పిలుపే. అందుకని నెమ్మదిగా తిను, ఆకులో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండనీ. పూతరేకు తినాలనుంటే ఒకటి తీసుకుని పక్కవాళ్లతో సగం పంచుకో, ఆ రోజు అన్నం ఒక్కసారే. "ఇంకొంచెం" అన్నవాళ్లకి షుగరని చెప్పు, సిగ్గేమీ లేదు. ఇంతకాలం నీ కంచంలో అడక్కుండా వేసింది నేనూ మీ అమ్మే, ఆ పాపం మాది. వేస్తేనే ప్రేమనుకునేవాళ్లం.

గదిలో పై అరమీదున్న అరిసెల డబ్బా పనివాళ్ల పిల్లలకి ఇచ్చెయ్యమని అమ్మతో చెప్పాను. సున్నుండలు నాలుగు ఉంచమన్నాను, వారానికొకటి. వచ్చే ఆదివారం వస్తున్నాను, నూనె సీసా మీద గీత నేనే గీస్తాను.

మీ అత్తయ్య

తా.క. నడకకి వెళ్లేటప్పుడు జేబులో చిన్న పొట్లం కట్టి మూడు చెంచాల పంచదార పెట్టుకో. వణుకొస్తే నోట్లో పోసుకుని నీళ్లు తాగి కూర్చో, 15 నిమిషాలకి తగ్గకపోతే మళ్లీ అంతే. అప్పుడు పూతరేకు, చాక్లెట్ పనికిరావు, అందులో నెయ్యీ కొవ్వూ ఉండి చక్కెర తొందరగా ఎక్కదు. సెల్లు పట్టుకెళ్లు.