థండర్‌బర్డ్‌లో మెయిల్స్ మాయమైతే: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

థండర్‌బర్డ్, అదే నువ్వు కంప్యూటర్లో మెయిల్స్ చూసే ప్రోగ్రాం, ఇంకా తెరిచే ఉంటే ముందు దాన్ని మూసెయ్. నెట్ కేబుల్ కూడా పీకెయ్. ఆ తర్వాతే ఈ ఉత్తరం చదువు.

చీమకుర్తి ఆఫీసులో ఇన్‌బాక్స్ ఖాళీ అయిపోయిందనీ, నువ్వు అన్నం కూడా తినకుండా కూర్చున్నావనీ అక్క చెప్పింది. బయ్యర్లతో మాట్లాడుకున్న గ్రానైట్ బ్లాకుల కొలతలు, ప్యాకింగ్ లిస్టులు అన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి టెన్షన్ సహజమే. కానీ కంగారులో అదీ ఇదీ నొక్కితే మిగిలినవి కూడా పోతాయి. ముఖ్యంగా ‘కాంపాక్ట్’ జోలికి పోకు. మనం డిలీట్ కొట్టి, ట్రాష్ కూడా ఖాళీ చేసినంత మాత్రాన మెయిల్ ఫైల్లోంచి వెంటనే పోదు, తీసేసినట్టు గుర్తు మాత్రమే పడుతుంది. కాంపాక్ట్ చేసినప్పుడే నిజంగా చెరిగిపోతుంది. ‘డిస్క్ స్పేస్ మిగులుతుంది’ అని అది ఆశ పెడుతుంది. వద్దను.

ఇప్పుడు విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, ఆప్‌డేటా అని ముందూ వెనకా పర్సంట్ గుర్తులతో ఇంగ్లీషులో కొట్టు. తెరుచుకున్న దాంట్లో థండర్‌బర్డ్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చెయ్. ఈ కాపీ చేతిలో పడేదాకా ఇంకే ప్రయోగమూ చేయకు.

కాపీ అయ్యాక అందులోనే ప్రొఫైల్ లోపల, అంటే నీ మెయిల్స్, సెట్టింగులు దాచే ఫోల్డర్లో చూడు. నీ అకౌంటు ‘ఐమ్యాప్ మెయిల్’ అనే ఫోల్డర్లో ఉంటే అసలు మెయిల్స్ సర్వర్లో ఉంటాయి. ఫోన్లో వెబ్‌మెయిల్ తెరిచి, ట్రాష్‌తో సహా వెతుకు. జీమెయిల్ అయితే ట్రాష్‌లో 30 రోజులు ఉంచుతుంది. సర్వర్లో పోతే మాత్రం, నెట్ తగలగానే నీ కంప్యూటర్లోవీ తుడిచిపెట్టుకుపోతాయి. కేబుల్ పీకమన్నది అందుకే.

ఉత్త ‘మెయిల్’ ఫోల్డర్లో ఉంటే అది పాప్ అకౌంటు, సరుకంతా నీ దగ్గరే. అక్కడ ఇన్‌బాక్స్ పేరుతో రెండు ఫైళ్లుంటాయి. ఎమ్మెస్సెఫ్ అని తోక ఉన్నది విషయసూచిక, తోక లేనిది పుస్తకం. తోక లేని దాని సైజు చూడు. వందల ఎంబీలు ఉంటే చాలావరకు మెయిల్స్ ఉన్నట్టే, కరెంటు పోయినప్పుడో మరెందుకో సూచిక పాడై ఉంటుంది. ఎమ్మెస్సెఫ్ ఫైలు పేరు మార్చి థండర్‌బర్డ్ తెరిస్తే కొత్తది తనే తయారు చేసుకుంటుంది. పొరపాటున తోక లేని దాన్ని తీసేశావో, ఇంక మామయ్య కూడా ఏమీ చేయలేడు.

ఆ ఫైలే కనిపించకపోతే యాంటీవైరస్ క్వారంటైన్‌లో, అంటే అనుమానం వచ్చిన ఫైళ్లను అది విడిగా దాచే చోట చూడు. ఒక్క పాడు అటాచ్‌మెంట్ కోసం ఇన్‌బాక్స్ ఫైలు మొత్తాన్ని పట్టుకుపోయే బుద్ధి దానికుంది.

ఇంకా దొరకనివి డిలీట్ అయినవే అనుకుంటే, కాపీ చేసిన ఫైలును టెక్స్ట్ ఎడిటర్లో తెరువు. ప్రతి మెయిల్ పైన ‘ఎక్స్ మొజిల్లా స్టేటస్’ అని ఒక వరుస ఉంటుంది. అక్కడ 0009 కనిపిస్తే, చదివి తీసేసిన మెయిల్ అని అర్థం. దాన్ని 0001 చేసి సేవ్ చేసి, ఆ ఫైలును ‘లోకల్ ఫోల్డర్స్’లో కొత్త పేరుతో పెట్టు. ఓపిక కావాల్సిన పని. ఫైలు మరీ పెద్దదైతే నోట్‌ప్యాడ్ మొరాయిస్తుంది.

డబ్బులు కట్టి రికవరీ సాఫ్ట్‌వేర్ కొనమనేవాళ్ల మాట ఇప్పుడే వినకు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదే డిస్కు మీద రాస్తే, దొరకాల్సినవి కూడా పోవచ్చు.

ఏదీ కుదరకపోతే మొహమాటం లేకుండా బయ్యర్లనీ, క్లియరింగ్ ఏజెంటునీ అడుగు. నీకు పంపినవన్నీ వాళ్ల సెంట్ ఫోల్డర్లో ఉంటాయి, ఫార్వర్డ్ చేయడం వాళ్లకో నిమిషం పని. ఓనరుకి కూడా ఈలోపే చెప్పు, వేరేవాళ్ల నోట వింటే కోపం ఎక్కువవుతుంది.

తోక లేని ఫైలు సైజు ఎంత ఉందో రాత్రికి ఫోన్ చేసి చెప్పు. ముందు అన్నం తిను.

ఇట్లు,
మీ మామయ్య, ఒంగోలు