ముందు బాణం, తర్వాతే సూత్రం

ప్రశ్న: నేను ప్లస్ టూ చదువుతున్నాను. ఫిజిక్స్‌లో మొదటి పాఠమే ఎలక్ట్రోస్టాటిక్స్, అంటే కదలని విద్యుదావేశాల పాఠం. ఒక సరళరేఖ మీద ఎడమ నుంచి +2, −3, +4 మైక్రోకూలూంబ్‌ల ఆవేశాలు వరసగా ఉన్నాయి. పక్కపక్క ఆవేశాల మధ్య దూరం 30 సెం.మీ. కుడి చివరి ఆవేశం మీద బలమెంత అని లెక్క. నాకు 1.4 న్యూటన్లు, కుడివైపుకు అని వస్తోంది. ఆన్సర్ కీలో 1 న్యూటన్, ఎడమవైపుకు అని ఉంది. ఎన్నిసార్లు చేసినా ఇంతే. చాలా టెన్షన్‌గా ఉంది మేడమ్.
– ఒక విద్యార్థిని, పెరంబూర్, చెన్నై

జవాబు: నీ గుణకారాలన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా. మైనస్ గుర్తును రెండుసార్లు వాడావు, అంతే. రెండు ఆవేశాల మధ్య బలాన్ని చెప్పే కూలూంబ్ సూత్రంలో −3 వేస్తే −1.2 వచ్చింది. ఆ బలం ఎడమవైపుకు కదా అని దాని ముందు ఇంకో మైనస్ పెట్టావు. రెండు మైనస్‌లూ కలిసి ప్లస్ అయ్యాయి. +2 వల్ల వచ్చిన 0.2కు 1.2 కలిపితే 1.4.

1785లో కూలూంబ్ సన్నని తీగ ఎంత మెలితిరిగిందో చూసి ఈ బలాన్ని కొలిచాడు. ఆయన సూత్రం నుంచి మనం తీసుకోవాల్సింది బలం ఎంత అన్నదే. ఎటు అన్నది బొమ్మ చెబుతుంది. వేళచ్చేరిలో మా ఇంటికి ట్యూషన్‌కు వచ్చే పిల్లల చేత ముందు పెన్ను పక్కన పెట్టించి పెన్సిల్ పట్టిస్తాను. బాణాలు గీశాకే పెన్ను.

నీ లెక్కనే గీద్దాం. కుడి చివరి ఆవేశం ఒక్కటే చుక్కగా పెట్టు. మిగతా రెండూ ఈ బొమ్మలో వద్దు, అవి దీన్ని ఎటు నెడుతున్నాయో, ఎటు లాగుతున్నాయో చాలు. +2 నెడుతుంది, కుడివైపుకు బాణం. −3 లాగుతుంది, ఎడమవైపుకు బాణం. గుర్తుల పని ఇక్కడితో అయిపోయింది. ఇక సూత్రంలో గుర్తులు లేకుండా అంకెలే వెయ్యి. 60 సెం.మీ. దూరంలోని +2 వల్ల 0.2 న్యూటన్, 30 సెం.మీ. దూరంలోని −3 వల్ల 1.2 న్యూటన్లు. బాణాలు ఎదురెదురు కాబట్టి తీసివేత. 1 న్యూటన్, ఎడమవైపుకు.

దారాలకు వేలాడే గోళాల లెక్క పరీక్షల్లో తరచూ కనిపిస్తుంది, అదీ ఇలాగే గీయాలి. 1.2 గ్రాముల గోళాలు రెండు, ఒక్కొక్కటి 50 సెం.మీ. దారంతో ఒకే మేకుకు కట్టారు. రెండింటికీ సమాన ఆవేశం ఇస్తే 60 సెం.మీ. ఎడంగా నిలిచాయి. ఒక్క గోళాన్నే గీయి. దాని మీద మూడు బాణాలే: కిందికి బరువు, దారం వెంట పైకి టెన్షన్ (ఇది నీ టెన్షన్ కాదు, దారం లాగే బలం), పక్కకు వికర్షణ, అంటే రెండో గోళం నెట్టే బలం. టెన్షన్‌ను నిలువుగా, అడ్డంగా విడదీస్తే వచ్చే ముక్కలు కొత్త బలాలు కావు. వాటిని చుక్కల గీతతో వెయ్యి. గట్టి గీతతో వేసి ఐదు బలాలని లెక్కపెట్టే పిల్లలు చాలామంది.

మేకు నుంచి అడ్డంగా 30, దారం 50, అంటే నిలువున 40. దారం వాలు ఇదే కాబట్టి వికర్షణ, బరువు కూడా 30కి 40 లెక్కనే ఉంటాయి, అంటే వికర్షణ బరువులో నాలుగింట మూడొంతులు. జీని (భూమ్యాకర్షణ త్వరణాన్ని) 10గా తీసుకుంటే బరువు 0.012 న్యూటన్, వికర్షణ 0.009. దాన్ని సూత్రంలో వేస్తే ఒక్కో గోళం మీద ఆవేశం 0.6 మైక్రోకూలూంబ్.

ఇదే లెక్కలో ఒక గోళానికి రెట్టింపు ఆవేశం ఇస్తే ఏది ఎక్కువ పక్కకు జరుగుతుందని అడుగుతారు. ఎక్కువ ఆవేశం ఉన్నదే అని రాసేయకు. రెండు గోళాలకూ విడివిడిగా బొమ్మ గీయి. న్యూటన్ మూడో నియమం ప్రకారం ఒకటి రెండోదాన్ని ఎంత బలంతో నెడితే రెండోదీ దాన్ని అంతే బలంతో నెడుతుంది, అందుకే రెండు బొమ్మల్లోనూ వికర్షణ బాణం పొడవు ఒకటే. బరువులు సమానం కాబట్టి రెండు దారాలూ ఒకే కోణంలో వంగుతాయి. బరువుల్లో తేడా ఉంటేనే కోణాల్లో తేడా వస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి విద్యుదావేశాల మధ్య బలాలు ఇంట్లో చేసి చూపించాలని దువ్వెన, కాగితం ముక్కలతో ప్రయత్నించాను. సరిగ్గా రాలేదు. ఇంకేదైనా తేలిక దారి ఉందా?
– ఒక తండ్రి, తాంబరం, చెన్నై

జవాబు: ఇది మన ఊరి తేమ పని కావచ్చండి. గాలిలో తేమ ఎక్కువైతే వస్తువు మీద తడి పొర ఏర్పడి ఆవేశం జారిపోతుంది. కాసేపు ఏసీ నడిచిన గదిలో చేయండి, గాలి పొడిగా ఉంటుంది. రెండు ప్లాస్టిక్ స్ట్రాలను పొడి టిష్యూ కాగితంతో గట్టిగా రుద్దండి. ఒకదాన్ని నడుమ దారం కట్టి వేలాడదీసి, రెండోదాన్ని దాని చివరకు దగ్గరగా తీసుకురండి. అది దూరం జరుగుతుంది. రుద్దిన టిష్యూ తెస్తే దగ్గరకు వస్తుంది.

తర్వాత మీ వేలు పెట్టి చూడండి. వేలికి ఆవేశం లేకపోయినా స్ట్రా దాని వైపే తిరుగుతుంది. ఎందుకో అబ్బాయి చేతనే గీయించండి. స్ట్రా మీది ఆవేశం వల్ల వేలిలో దగ్గరి వైపు వ్యతిరేక ఆవేశం, దూరపు వైపు అదే రకం ఆవేశం చేరతాయి. దగ్గరిది లాగుతుంది, దూరంది నెడుతుంది. దూరం తక్కువ కాబట్టి లాగే బాణమే పొడవు.